ఊడని తీగ

మా పక్క క్వార్టర్ కాక తొందరపాటు మనిషి కాదు. అన్నిటికంటే ముందు ఈ మాట రాసి పెడుతున్నాను. గనిలో పైకప్పు కూలి ఆయన పోయిన నాటి నుంచి మా కాలనీ అంతా ఆయన తొందరపడి ప్రాణం మీదికి తెచ్చుకున్నాడనే చెప్పుకుంది. విచారణ కాగితాల్లోనూ అదే ఉంది. చివరికి ఆయన భార్య కూడా అదే నమ్మింది. అది నిజం కాదని తెలిసినవాళ్లం ఇద్దరమే ఉండేవాళ్లం, మా బాపు, నేను. బాపు పోయి రెండేళ్లయింది. ఆ తర్వాత చాలా రోజులు నేనొక్కణ్ణే మిగిలాను.

ఈ సంగతి చెప్పాలంటే ఒక హోమ్ థియేటర్ రిసీవర్ కొన్న రోజు దగ్గర మొదలుపెట్టాలి. వినడానికి విడ్డూరంగా ఉంటుంది. కానీ అది అక్కడే మొదలైంది.

తొంభైల చివరి మాట. అప్పటిదాకా మహారాష్ట్రలోని మా చాందాలో, అంటే చంద్రపూర్‌లో, టేపురికార్డరు కొనాలంటే రెండు మూడు రకాలే దొరికేవి. ఒక్కసారిగా దుకాణాల అద్దాల వెనక ఎక్కడెక్కడి సామానో వచ్చి కూర్చుంది. సీడీలో సినిమా చూడొచ్చన్నారు. దాని వెంటే ఐదు స్పీకర్ల మాట వచ్చింది. ముందు మూడు, వెనక రెండు. సినిమాలో వాన పడితే మన వీపు వెనక పడుతుంది. ఆ ఐదింటికీ చప్పుడును పంచిపెట్టే డబ్బానే రిసీవర్. నేను ఐటీఐలో ఎలక్ట్రానిక్స్ పూర్తి చేసి, పనేమీ లేకుండా, ఘుగ్గుస్ దిక్కున్న మా గని కాలనీలో తిరుగుతున్న రోజులవి. మూడు వారాల పాటు బస్సెక్కి చాందా పోవడం, దుకాణదారుల దగ్గర కరపత్రాలు అడిగి తెచ్చుకోవడం, ఇంటికొచ్చి వాటిని పక్కపక్కన పరిచి చదువుకోవడం, ఇదే నా ఉద్యోగం.

జపాను డబ్బాలు మా అందుబాటులో లేవు. వాటిని ఊరికే తాకి చూసేవాణ్ణి. మా తాహతుకు తగినవి రెండే మిగిలాయి. ఒకటి నాగపూర్‌లో బిగించిన పెద్ద డబ్బా. ముందు వైపంతా రంగు దీపాలు, పాటకు తగ్గట్టు ఎగిరే గీతలు, మీద వెయ్యి వాట్లు అని బంగారు అక్షరాలు. రెండోది నల్లగా, చిన్నగా, ఏ వేషమూ లేనిది. వాట్లు కూడా సిగ్గుపడుతున్నట్టు ఒక మూలన చిన్నగా రాసి ఉన్నాయి. నా మనసు దీపాల డబ్బా మీదే ఉంది.

"ఆదివారం నేనొస్త. కొట్టి చూసి చెప్త" అన్నాడు బాపు.

ఆ మాటకు అర్థం తెలియాలంటే బాపు పని తెలియాలి. ఆయన బొగ్గు గనిలో డ్రెస్సర్. పేలుడు అయిపోయాక అందరికంటే ముందు లోపలికి పోయి, గడ్డపారతో పైకప్పును కొట్టుకుంటూ, ఆ చప్పుడు వింటాడు. గట్టి రాయి కంచులా మోగుతుంది. పగులున్న రాయి గుల్లగా, ఖాళీ కుండలా పలుకుతుంది. గుల్లగా ఉన్నదాన్ని తోసి రాల్చాలి, లేదా కింద కర్రలు నిలబెట్టాలి. ఇంకొకటుంది. కప్పు కూలే ముందు సన్నని ఇసుక రాలుతుంది. ష్... అని, ఎవరో చాటలో నూకలు జరిపినట్టుంటుందట. "కప్పు మాట్లాడుతది" అనేవాళ్లు గనిలో. ఆ మాట వినపడగానే పరుగెత్తాలి. వినపడకపోతే ఇక ఏమీ ఉండదు.

బాపు చెవి మీద కాలనీకి గుడ్డి నమ్మకం. ఎండాకాలంలో ఆడవాళ్లు కొత్త కుండ కొంటే మా వాకిట్లోకి తెచ్చేవాళ్లు. బాపు వేలి కణుపుతో రెండు దెబ్బలు వేసి, "తీస్కపో" అనో, "మార్చుకోని రా" అనో చెప్పేవాడు. పుచ్చకాయలకూ అంతే. పక్క క్వార్టర్ కాక గనిలో బాపుకు జోడీ. బాపు కొట్టి చూపించిన చోట కర్రలు నిలబెట్టేది ఆయనే. వాళ్లది కరీంనగర్ వైపు, మాదీ అదే. ఒకే ఏడు వచ్చి ఒకే వరుసలో క్వార్టర్లు తీసుకున్నారు. కాక ఏ పని చేసినా నిమ్మళంగా చేసేవాడు. "నీ మొగడు లుంగి కట్టుకునే లోపల షిఫ్టు అయిపోతది పోవే" అని మా అమ్మ కాక భార్య చిన్నమ్మను ఆటపట్టించేది. కాక నవ్వి, ఆ లుంగీనే విప్పి మళ్లీ కట్టుకునేవాడు.

ఆ ఆదివారం బయలుదేరుతుంటే అమ్మ గొణిగింది. "స్నానాల గదికి గొళ్లెం లేదు. గీయనకు థేటర్ కావాలట."

"థేటర్ ఇంటికే వస్తది. టికెట్లు చింపే పని నీదే" అన్నాడు బాపు.

దుకాణంలో ముందు ఆ దీపాల డబ్బా పెట్టించాను. బాపు దాని వైపు చూడనైనా చూడలేదు. పక్కన గొంతుక్కూర్చుని, పక్క రేకు మీద వేలి కణుపుతో రెండు దెబ్బలు వేశాడు. రెండు చేతులతో ఎత్తి దించాడు. తర్వాత నల్లదాన్ని అలాగే కొట్టి, ఎత్తాడు. చిన్నదే అయినా దాన్ని ఎత్తినప్పుడు ఆయన మెడ నరాలు ఉబ్బాయి.

"పెద్దది గుల్లరా. లోపల ఏం లేదు, అంత దీపాలే. గిది తీస్కో."

దుకాణదారు సింధీ ఆయన. ఆయనకు తెలుగు రాదు, కానీ సంగతి అర్థమైపోయింది. నవ్వుతూ పెద్ద డబ్బాను తనే వెనక్కి జరిపాడు. బాపు చెప్పింది నిజమే. బరువంతా లోపలి ట్రాన్స్‌ఫార్మర్‌ది, అది మంచిదైతే డబ్బా బరువుంటుంది. ఐటీఐలో రెండేళ్లు చదివినవాణ్ణి, ఆ సంగతి నాకు తట్టలేదు.

వినిపించి చూపడానికి దుకాణం వెనక ఒక గది ఉండేది. మధ్యలో కుర్చీ, చుట్టూ ఐదు స్పీకర్లు. నల్ల డబ్బాలో ఒక బటన్ ఉంది. అది నొక్కితే పాట కాదు, ఉత్త హోరు వస్తుంది. ఒక్కో స్పీకరులో రెండు మూడు క్షణాలు మోగి, తర్వాతి దానికి పోతుంది. అన్నీ సరిగ్గా పలుకుతున్నాయో లేదో చూసుకోవడానికి పెట్టిన ఏర్పాటు.

"కాకాజీ, ఆంఖే బంద్" అన్నాడు దుకాణదారు. కళ్లు మూసుకుని, చప్పుడు వచ్చిన వైపు చెయ్యి చూపించమన్నాడు. బాపుకు ఆ ఆట నచ్చింది. గనిలో కూడా ఆయన కళ్లు మూసుకునే వింటాడు.

ఎడమ ముందు స్పీకరు ష్... అంది. బాపు ఉలిక్కిపడ్డాడు. కళ్లు మూసుకునే తల పైకెత్తాడు, సీలింగు వైపు. వెంటనే తనకు తానే నవ్వుకుని ఎడమ చెయ్యి లేపాడు. మధ్యది మోగింది, ఎదురుగా చూపించాడు. కుడి ముందుది మోగింది, కొంచెం ఆలస్యంగా కుడి చెయ్యి లేచింది. తర్వాత కుడి వెనకది.

చెయ్యి లేవలేదు.

ఆ స్పీకరు మోగుతూనే ఉంది. నేను దాని పక్కనే నిలబడ్డాను. ఆ గాలి నా ముంజేతికి తగులుతోంది. బాపు కళ్లు మూసుకుని, ముఖంలో చిన్న నవ్వుతో, ఏదో రాబోతున్నట్టు ఎదురుచూస్తూ కూర్చున్నాడు. హోరు ఎడమ వెనకకు పోయింది. ఎడమ చెయ్యి టక్కున లేచింది.

బాపు కళ్లు తెరిచాడు. "ఐదంటివి గదరా. నాలుగే మోగినయి."

దుకాణదారు నా వైపు చూశాడు. ఏదో అనబోయాడు. నేను కళ్లతోనే వద్దన్నాను.

"ఒక తీగ ఊడింది బాపు" అన్నాను.

నా జీవితంలో ఎన్నో అబద్ధాలు చెప్పి ఉంటాను. చాలా వరకు మరచిపోయాను. ఈ నాలుగు మాటలు మాత్రం అప్పటి గొంతుతో సహా గుర్తున్నాయి.

బస్సులో డబ్బాను ఒడిలో పెట్టుకుని కూర్చున్నాను. పడోలీ దాటాక బాపు నా వైపు తిరిగి అడిగాడు. "ఆ తీగ నిజంగనే ఊడిందారా?"

"ఊడింది బాపు. మనింట్ల నేను మంచిగ బిగిస్త."

ఆయన ముఖం తిప్పుకున్నాడు. కిటికీలోంచి బొగ్గు లారీల వరుస చూస్తూ కూర్చున్నాడు.

ఇంట్లో నేను బిగించలేదు. కుడి వెనక స్పీకరును గోడకు తగిలించాను, తీగ కొసకు నల్ల టేపు చుట్టి డబ్బా వెనక వదిలేశాను. చెప్పిన అబద్ధం ఇంట్లోనైనా నిజం కావాలి కదా. మొదటి రోజు కాలనీ సగం మా ఇంట్లోనే ఉంది. కాక అందరికంటే చివర వచ్చి, కుర్చీలో కుదురుగా కూర్చుని, ఒక్కో స్పీకరుకూ తల తిప్పి విన్నాడు. లేచి, గోడ దగ్గరికి పోయి, ఐదో దానికి చెవి ఆనించాడు.

"ఇది ఎందుకు పలుకుతలేదురా?"

"తీగ ఊడింది కాకా."

"మరి బిగియ్యరాదు? అన్నీ ఉండి ఒకటి లేకుంటే ఎట్ల" అన్నాడు. తర్వాత కూడా మా ఇంటికొచ్చిన ప్రతిసారీ అదే అడిగేవాడు. రేపు, కాకా, అనేవాణ్ణి.

ఎందుకు చెప్పలేదు? దీనికి ఇన్నేళ్లలో నాకు నేను చాలా జవాబులు చెప్పుకున్నాను. డ్రెస్సర్‌కు చెవి పోతే మెడికల్ బోర్డు అన్‌ఫిట్ రాస్తుంది. అప్పట్లో తండ్రి అన్‌ఫిట్ అయితే కొడుక్కు ఆ నౌకరీ ఇచ్చే పద్ధతి ఉండేది. అందుకే ఎవరు అన్‌ఫిట్ అయినా కాలనీలో ఎవరూ నమ్మేవాళ్లు కాదు, కొడుకు కోసం ఆడిన నాటకం అనేవాళ్లు. పని లేకుండా తిరుగుతున్న నన్ను దోస్తులు అప్పటికే, "మీ బాపు ఎప్పుడు గుడ్డోడైతడురా?" అని ఎగతాళి చేసేవాళ్లు. బాపు కుడి చెవి పోయిందని నా నోటితో నేనే చెబితే, నౌకరీ కోసం తండ్రిని చెవిటివాణ్ణి చేశాడంటారని భయపడ్డాను. చాలా ఏళ్లు ఈ జవాబుతోనే సరిపెట్టుకున్నాను. ఇది మర్యాదగా కనిపించే జవాబు.

అసలు జవాబు వేరే. బాపు అన్‌ఫిట్ అయితే ఆ చీకట్లోకి నేను దిగాలి. నాకు గని అంటే భయం. చిన్నప్పుడు ఒకసారి చూపిస్తామని తీసుకుపోతే, దిగువకు పోయే దారి మొదట్లోనే ఏడ్చి వెనక్కి వచ్చినవాణ్ణి. నేను దిగకుండా ఉండాలని, వినపడని మనిషిని రోజూ దిగనిచ్చాను. అంతే.

ఐదారు నెలలు గడిచాయి. ఒకరోజు పొద్దుటి షిఫ్టు మధ్యలో, మోగాల్సిన వేళ కానప్పుడు, గని సైరన్ భోంగా మోగింది. కాలనీలో ఉన్నవాళ్లందరికీ ఆ మోత అర్థం తెలుసు. ఆడవాళ్లు పొయ్యి మీది గిన్నెలు అలాగే వదిలి గేటు వైపు పరుగెత్తారు. నేను కూడా పోయాను. పోతూ పోతూ, మా బాపు కావద్దు, ఎవరైనా కానీ మా బాపు కావద్దు అనుకున్నాను. అలాగే అయింది.

కాకను తీసుకొచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. బాపు తన కాళ్లతోనే నడిచి బయటికి వచ్చాడు. తల మీద, కనుబొమల మీద బూడిదలాంటి దుమ్ము. చిన్నమ్మ ఆయన చొక్కా పట్టుకుని, "మీరు పక్కనే ఉంటిరి గద బావా, ఆపద్దా?" అంది.

విచారణలో బాపును అడిగిందొక్కటే. కర్రలు దాటి ముందుకు పొమ్మని మీరు చెప్పారా అని. బాపు తల దించుకున్నాడు. ఆ మౌనాన్ని లేదు అని రాసుకున్నారు. కార్మికుడు అనుమతి లేకుండా తొందరపడి ముందుకు వెళ్లాడు. కాగితం మీద అదే తేలింది. బాపు చెవి కాబట్టి పొరపాటు బాపుది అయ్యుండదని కాలనీ ముందే తేల్చేసుకుంది. కుండలు కొట్టించుకున్నవాళ్లు మరి. ఆ విచారణ జరిగిన మూడు రోజులూ నేను ఆఫీసు బయట చెట్టు నీడలో కూర్చున్నాను. లోపలికి పోయి ఒక్క మాట చెప్పి ఉండాల్సింది. టీ తాగి ఇంటికి వచ్చేవాణ్ణి.

తర్వాత బాపు కావాలని అడిగి పైన తేలిక పనికి మారాడు. మా వాకిట్లోకి కుండ తెచ్చిన ఆడవాళ్లను లోపలి నుంచే పంపించేసేవాడు. నేను గనిలోకి పోలేదు. చాందాలోనే తుకుం అనే పేటలో చిన్న గది అద్దెకు తీసుకుని రిపేర్ల దుకాణం పెట్టాను. జనం ఇళ్లలో స్పీకర్లు బిగించి, ఆ బటన్ నొక్కి, ఆ హోరు వినిపించి బతికాను. ఇన్నేళ్లలో అది ఎన్ని ఇళ్లలో మోగించానో. ప్రతి ఇంట్లోనూ హోరు కుడి వెనకకు రాగానే నా కళ్లు కుర్చీ మీదికి పోతాయి. కుర్చీలో ఎవరూ లేకపోయినా పోతాయి. ఒక్కోసారి మోత ఆగిపోయాక కూడా అది నా కుడి భుజం వెనక ఉన్నట్టే ఉంటుంది. ఎవరైనా, "భాయ్, అన్నీ మోగుతున్నాయా?" అని అడిగితే జవాబు చెప్పడానికి నాకు కొంచెం టైము పడుతుంది.

బాపు చివరి రోజుల్లో, ఎడమ చెవి కూడా మందగించాక, నన్ను మంచం పక్కన కూర్చోబెట్టుకుని చెప్పాడు. తన మాట తనకే సరిగ్గా వినపడదు కాబట్టి గట్టిగా చెప్పాడు. ఆ మాటలు పక్కింటికి కూడా వినిపించి ఉంటాయి.

"నేనే పొమ్మన్న. కొట్టి చూసిన, గట్టిగనే పలికింది. కుడి దిక్కు కర్ర పెట్టుమన్న. వాడు ఆగిండు. అన్నా, ఏమన్న రాలుతుందా అన్నడు. ఏం లేదు పో అన్న. రెండడుగులేసి మళ్ల ఆగిండు. అన్నా, మళ్లొకసారి ఇను అన్నడు. ఇన్న. ఏం లేదన్న. వానికి ఇనబడ్డదిరా. వాని చెవి మంచిదే. నా చెవి మీద నమ్మకంతోని వాని చెవిని కాదనుకున్నడు."

నేను ఆయన దుప్పటి సర్దాను. ఆయన నా చెయ్యి పట్టుకుని అడిగాడు. "ఆ దుకాండ్ల తీగ ఊడలే గదా."

"ఊడలే బాపు."

"నాకెర్క. నాకే నోరు రాలే. నువ్వన్న చెప్తవేమోనని బస్సుల అడిగిన."

బాపు పోయాక ఏడాదిన్నర పాటు, ఇవాళ పోదాం రేపు పోదాం అనుకుంటూ గడిపాను. కాకకు చెప్పినట్టే నాకు నేను రేపు అని చెప్పుకున్నాను. చిన్నమ్మ తుకుంలోనే, మా దుకాణానికి నాలుగు సందుల అవతల కూతురి దగ్గర ఉంటుంది. చివరికి ఒక రోజు పొద్దున దుకాణం తెరవకుండా నేరుగా వాళ్లింటికి పోయాను. ఆమె వరండాలో కూర్చుని మెంతికూర తుంచుతోంది. నేను మొదటి నుంచి చివరి దాకా చెప్పాను. చెబుతున్నంతసేపూ ఆమె చేతులు ఆగలేదు. అయిపోయాక ఆగాయి.

"ఇంట్ల చెంబు తీస్కరమ్మంటే గంట చేసేటోడు" అంది. "అక్కడ మాత్రం నీకేం తొందర వచ్చె అని ఇన్నేండ్లు తిట్టిన. ఫోటోకు దండేస్తే తిట్టుడే. పిల్లలకు గూడ అదే చెప్పిన, మీ నాయిన లెక్క తొందరపడకుండ్రి అని."

నేను తల దించుకున్నాను. బాపు విచారణలో దించుకున్నట్టే దించుకున్నానని వెంటనే తెలిసి, తల ఎత్తాను.

"ఇదంతా రాస్త చిన్నమ్మా. రాసి అచ్చుకిస్త" అన్నాను.

"తెలుగులనా? నాకు సదువు రాదు. నా బిడ్డ సదివింది మరాఠీ. ఎవరి కోసం రాస్తవు? ముందు నోటితోని చెప్పు. దానికి చెప్పు, కాలనీల మిగిలినోళ్లకు చెప్పు. తర్వాత రాసుకో." కాసేపు కూర వైపు చూసింది. "ఆ సప్పుడు ఎట్లుంటది?"

"ఏ సప్పుడు?"

"ఆయనకు ఇనబడ్డది."

ఇంటికి పోయి డబ్బాను దించాను. బాపు ఎంచిన డబ్బా. ముందున్న ఒక్కగానొక్క దీపం ఎప్పుడో ఆరిపోయింది కానీ లోపల ఇంకా గట్టిగానే ఉంది. ఐదు స్పీకర్లనూ దులిపి ఆటోలో వేసుకుని మళ్లీ పోయాను. వాళ్ల ముందు గదిలో కుర్చీ మధ్యలో వేసి, చిన్నమ్మను కూర్చోబెట్టి, చుట్టూ స్పీకర్లు పెట్టాను. ఐదో తీగ కొసకు చుట్టిన నల్ల టేపు జిగురు కారి వేళ్లకు అంటుకుంది. గోరుతో గీకి తీసి, లోపలి రాగి మెరిసేదాకా చాకుతో గోకి, బిగించాను.

బటన్ నొక్కాను. ఎడమ ముందు, మధ్య, కుడి ముందు. ఆ మూడూ అయ్యేదాకా చిన్నమ్మ కదలకుండా కూర్చుంది. ఇన్నేళ్ల తర్వాత మొదటిసారి మా ఐదో స్పీకరు పలికింది. ష్...

ఆమె తల ఆ వైపు తిప్పింది.

"ఇంత చిన్నగనా?" అంది.

"ఇంతే చిన్నమ్మా."

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కొంతసేపటికి తీసి, వంటింటి వైపు తిరిగి కూతుర్ని పిలిచింది. బిడ్డ చేతులు తుడుచుకుంటూ వచ్చి గుమ్మంలో నిలబడింది. చిన్నమ్మ కుర్చీలోంచి లేచి, ఆమెను అందులో కూర్చోబెట్టింది.

"మీ నాయిన ఇది ఇన్నడు. రెండుసార్లు ఆగిండు" అంది. తర్వాత నా వైపు చూసి, "మళ్లొకసారి పెట్టు. ఈసారి నువ్వు చెప్పుకుంట పెట్టు" అంది.